ఫలితాల రోజూ, ఆ తర్వాతి పదేళ్లూ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షల హాల్ టికెట్లు వచ్చే రోజు ఇట్టే తెలిసిపోతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాల మీద ఉండాల్సిన కళ్లు ఫోన్ల మీద ఉంటాయి. కోచింగ్ సెంటర్ల సందుల్లో నెట్ సెంటర్ల ముందు గుంపులు పెరుగుతాయి. "ఓపెనవుతోందా అన్నా?" అని ఒకరడిగితే, "లాగిన్ దాకా వస్తోంది తమ్మీ, ఆ తర్వాత తిరుగుతూనే ఉంది" అని ఇంకొకరి జవాబు. ఆదిలాబాద్ నుంచో గద్వాల నుంచో వచ్చి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లకు తెర మీద తిరిగే ఆ గుండ్రం చిన్న విషయం కాదు.

2022 డిసెంబరులో ప్రకటించిన గ్రూప్-4 ఉద్యోగాలు ఎనిమిది వేల పైచిలుకు. దరఖాస్తులు తొమ్మిదిన్నర లక్షలు దాటాయి. పరీక్ష 2023 జూలై 1న జరిగింది. అంతమందిలో సగం మంది హాల్ టికెట్ కోసం మొదటి గంటలోనే వస్తారనుకుంటే సెకనుకు 130 మంది. పేజీ రాకపోతే ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు, మూడు నాలుగు సార్లు రిఫ్రెష్ కొడతారు. అలా సెకనుకు నాలుగైదు వందల రిక్వెస్టులు సైటు తలుపు తడతాయి. ఈ లెక్క విన్నవాళ్లు సాధారణంగా అనే మాట, ఇంకా వేగంగా నడిచే టెక్నాలజీతో కట్టి ఉంటే సరిపోయేది కదా అని.

అందులో సగం నిజమే ఉంది. ఇలాంటి సైటుకు రద్దీ రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. మిగతా రోజుల్లో దానికి పడే పని వేరు. నిబంధన మారుతుంది, ఫారంలో కొత్త గడి చేరుతుంది, కోర్టు తీర్పు వస్తుంది, జిల్లా పేరు మారుతుంది. ఆ మార్పులను ఎవరో ఒకరు కోడ్‌లోకి ఎక్కించాలి, అదీ చాలాసార్లు మొదట రాసినవాళ్లు వెళ్లిపోయాక వచ్చిన కొత్తవాళ్లు. వేగమూ కావాలి, రేపు ఇంకొకరు చదివి మార్చగలిగేలా కోడ్ ఉండాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఎక్కడ దేనికి ఎంత ఇవ్వాలన్నది సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లు రోజూ తేల్చుకోవాల్సిన విషయం. దాని ఫలితం అనుభవించేది మాత్రం లైబ్రరీ మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న కుర్రాడూ, పక్కన అతని స్నేహితురాలూ.

వెబ్ అప్లికేషన్‌ను ఈ రోజుల్లో ఎవరూ మొదటి అక్షరం నుంచి రాసుకోరు. లాగిన్, పాస్‌వర్డ్ భద్రపరచడం, పుట్టిన తేదీ సరిగా నింపారో లేదో చూడటం, వివరాలు డేటాబేస్‌లో దాచడం, ఎవరు ఏ పేజీ చూడొచ్చో తేల్చడం, ఇవన్నీ ప్రతి సైటుకూ కావలసిన పనులే. వీటిని ఒక పద్ధతి ప్రకారం ముందే రాసిపెట్టిన చట్రమే ఫ్రేమ్‌వర్క్. జావాలో స్ప్రింగ్, పైథాన్‌లో జాంగో, పీహెచ్‌పీలో లారావెల్, రూబీలో రెయిల్స్, మైక్రోసాఫ్ట్‌వారి ఏఎస్‌పీ డాట్ నెట్. నారాయణగూడ కేశవ్ మెమోరియల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లకూ, అమీర్‌పేట్ కోచింగ్‌లకు తిరిగేవాళ్లకూ ఇవి నోట్లో నానే పేర్లు. జాంగో పుట్టింది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్లో, ఒక దినపత్రిక ఆఫీసులో. పత్రికలో పని గంటల లెక్కన నడుస్తుంది. పొద్దున అనుకున్న పేజీ సాయంత్రానికి సైటు మీద కనిపించాలి. ఆ తొందరకు తట్టుకోవడానికి తయారుచేసుకున్న పనిముట్టునే 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

ఈ సౌకర్యం ఊరికే రాదు. ఒక రిక్వెస్టు లోపలికి వచ్చిందంటే ఫ్రేమ్‌వర్క్‌లో ఎన్నో అంచెలు దాటాలి. ఎవరు వచ్చారో చూసే అంచె, దొంగ రిక్వెస్టులను ఆపే అంచె, ఏ పేజీ కావాలో తేల్చే అంచె, డేటాబేస్ వరసలను ప్రోగ్రాముకు అర్థమయ్యే రూపంలోకి మార్చే అంచె, చివరికి పేజీని అల్లే అంచె. ప్రతిచోటా కొంత సమయం పోతుంది. టెక్‌ఎంపవర్ అనే అమెరికా సంస్థ 2013లో ఫ్రేమ్‌వర్క్‌లకు వేగం పోటీ పెట్టి ఫలితాలు ప్రచురించడం మొదలుపెట్టింది. ఆ పట్టికల్లో పైనున్నవి సెకనుకు లక్షల రిక్వెస్టులు లాగిస్తే, కిందున్నవి వేలతో సరిపెట్టుకుంటాయి. ఆ తేడా చూసి ఫ్రేమ్‌వర్క్‌నే మార్చేద్దామనే ఉత్సాహం చాలా టీముల్లో పుడుతుంది. అయితే ఆ పోటీలో పరీక్షించే పేజీలు చాలా చిన్నవి. నిజమైన సైట్లలో సమయం తినే చోటు సాధారణంగా వేరే ఉంటుంది.

సమయం ఎక్కడ పోతోంది

పరీక్ష కేంద్రాల్లో వాడే నామినల్ రోల్‌ను చూద్దాం. ఒక గదిలో 24 మంది అభ్యర్థులు. ప్రతి ఒక్కరి పేరు, హాల్ టికెట్ నంబరు, ఫొటో, సంతకం, పక్కనే ఖాళీ గడి. ఈ పేజీని తయారుచేసే కోడ్‌ను ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగు వరసల్లో రాయొచ్చు. గదిలోని అభ్యర్థులను తీసుకో, ఒక్కొక్కరికీ పేరు చూపించు, ఫొటో చూపించు, సంతకం చూపించు. చదివితే అచ్చం మామూలు మాటల్లా ఉంటుంది, తప్పేమీ కనిపించదు.

డేటాబేస్ వైపు నుంచి చూస్తే కథ వేరు. మొదట అభ్యర్థుల జాబితా కోసం ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌కు ఒక ప్రశ్న, వెళ్తుంది. తర్వాత మొదటి అభ్యర్థి ఫొటో కోసం ఒకటి, సంతకం కోసం ఒకటి. రెండో అభ్యర్థికి మళ్లీ రెండు. ఇలా 24 మందికి 48, మొదటిదానితో కలిపి 49 క్వెరీలు. ఒక్కో క్వెరీకి వెళ్లి రావడానికి రెండు మిల్లీసెకన్లు పడితే మొత్తం దాదాపు సెకనులో పదో వంతు. టెస్టింగ్‌లో ఒక గదికి చూసుకున్నప్పుడు ఎవరికీ తెలియదు. పరీక్ష ముందు రోజు జిల్లాలన్నిటిలో అధికారులు వేల గదుల రోల్స్ ఒకేసారి ప్రింటుకు పెడితే డేటాబేస్ మూలుగుతుంది. డెవలపర్లు దీన్ని 'ఎన్ ప్లస్ వన్' సమస్య అంటారు. మందు కూడా ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంటుంది. ఆ 24 మంది ఫొటోలూ సంతకాలూ జాబితాతో పాటే తెచ్చుకోమని ఒక్క మాట చేర్చితే 49 క్వెరీలు రెండో మూడో అవుతాయి. కోడ్ చదవడానికి ముందెంత తేలికో ఇప్పుడూ అంతే తేలిక.

ఇండెక్స్ సంగతీ ఇంతే. తొమ్మిదిన్నర లక్షల వరసల పట్టికలో ఒక హాల్ టికెట్ నంబరు వెతకాలి. ఇండెక్స్ లేకపోతే డేటాబేస్ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూసుకుంటూ పోవాలి. నంబర్లు క్రమంలో పేర్చి ఉంటే, వెతకాల్సిన భాగాన్ని ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ 20 పోలికల్లో దొరకబుచ్చుకోవచ్చు. డేటాబేస్‌లు వాడే ఇండెక్స్‌లు అంతకన్నా తెలివైనవి, మూడు నాలుగు మెట్లలోనే పని ముగిస్తాయి. ఇది చేర్చడానికి ఒక్క వరస చాలు. ఫ్రేమ్‌వర్క్ మార్చక్కర్లేదు, భాష మార్చక్కర్లేదు, కొత్త సర్వర్ కొనక్కర్లేదు.

అందుకే అనుభవం ఉన్న ఇంజినీర్లు ముందు కొలవమంటారు. డొనాల్డ్ క్నూత్ 1974లోనే ఈ మాట చెప్పారు. ప్రోగ్రాములో చిన్న చిన్న పొదుపుల గురించి 97 శాతం సందర్భాల్లో ఆలోచించక్కర్లేదని, మిగతా 3 శాతాన్ని మాత్రం వదలొద్దని ఆయన భావం. ఆ 3 శాతం ఎక్కడుందో కళ్లతో చూసి పట్టుకోవడం కష్టం. ఏ పేజీకి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయి, ఏ క్వెరీకి ఎంతసేపు పడుతోందని రాసిపెట్టే పనిముట్లు ప్రతి ఫ్రేమ్‌వర్క్‌కూ ఉన్నాయి. వాటిని తెరిచి చూడకుండానే మొత్తం తిరగరాయడానికి దిగడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

నిబంధనలు ఎంత తరచుగా మారతాయి

రెండో వైపు చూడాలంటే తెలంగాణ ఉద్యోగ నియామకాల కన్నా మంచి ఉదాహరణ దొరకదు. రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ వచ్చింది. అప్పటి నుంచి అశోక్‌నగర్ అభ్యర్థి నింపే దరఖాస్తు వెనకాల ఏమేం మారాయో వరసగా చూస్తే తల తిరుగుతుంది.

2014లో జిల్లాలు 10. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో జోన్లు ఏడు, మల్టీజోన్లు రెండు అయ్యాయి. హైదరాబాద్ చార్మినార్ జోన్‌లోకి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద మార్పు స్థానికతది. అంతకుముందు 4 నుంచి 10వ తరగతి దాకా ఎక్కడ చదివారో చూసేవారు. కొత్త ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి దాకా చూడాలి. 2022లో పెద్ద నోటిఫికేషన్లకు ముందు లక్షల మంది అభ్యర్థులు తమ వన్ టైమ్ రిజిస్ట్రేషన్ (ఓటీఆర్)లో చిన్నప్పటి బడుల వివరాలు మళ్లీ నింపాల్సి వచ్చింది అందుకే. బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం ఊళ్లకు ప్రయాణాలు కట్టిన రోజులు అశోక్‌నగర్‌లో ఇప్పటికీ చాలామందికి గుర్తు.

ఆ తర్వాతా ఆగలేదు. 2021లో ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2022లో గరిష్ఠ వయోపరిమితి 44 అయింది, 2024లో 46. 2022 సెప్టెంబరు చివర ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది, కమిషన్ పేరు కూడా మారింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చి, ఒకే ఎస్సీ కోటా మూడు గ్రూపులుగా, 1, 9, 5 శాతాలుగా విడిపోయింది.

వీటిలో ఒక్కొక్కటీ ఎవరో ఒక ఇంజినీరు కోడ్‌లో చేయాల్సిన మార్పు. వేగం పేరుతో తీసుకునే నిర్ణయాలు కాలికి అడ్డం పడేది ఇలాంటి చోటే. స్థానికతనే చూద్దాం. ప్రతిసారీ ఏడు తరగతుల వివరాలు చూసి జిల్లా తేల్చడం ఆలస్యమని, దరఖాస్తు నింపగానే లెక్కగట్టి 'స్థానిక జిల్లా' అని ఒక గడిలో దాచేశారనుకుందాం. పేజీ చకచకా వస్తుంది. నిబంధన మారిన రోజు ఆ గడిలోని లక్షల జవాబులన్నీ తప్పులవుతాయి. అసలు తరగతుల వివరాలు కూడా ఉంచుకుని ఉంటే మళ్లీ లెక్కగట్టొచ్చు. స్థలం ఆదా, వేగం అంటూ వాటిని వదిలేసి ఉంటే అభ్యర్థులను మళ్లీ అడగడం తప్ప దారి లేదు.

ఇంకో పద్ధతి కూడా చాలా ఆఫీసుల్లో కనిపిస్తుంది. రిజర్వేషన్ లెక్క మొత్తాన్ని ఫ్రేమ్‌వర్క్ బయటకు తీసి, డేటాబేస్ లోపలే వందల వరసల స్టోర్డ్ ప్రొసీజర్‌గా రాస్తారు. అక్కడైతే డేటా పక్కనే ఉంటుంది కాబట్టి నిజంగానే వేగంగా నడుస్తుంది. కానీ దానికి టెస్టులు రాయడం కష్టం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చరిత్ర చాలాచోట్ల ఉండదు, మధ్యలో రాసిన 15 అనే అంకె ఎస్సీ శాతమో మార్కుల కటాఫో చెప్పే దిక్కుండదు. రాసినాయన ఉద్యోగం మారాక ఆ ప్రొసీజర్ జోలికి ఎవరూ వెళ్లరు. పనిచేస్తోంది కదా, ముట్టుకోవద్దంటారు. ఇక వర్గీకరణ వచ్చి, ముట్టుకోక తప్పని రోజు ఒకటి వస్తుంది.

ఏ పోస్టు ఏ వర్గానికో వరసగా తేల్చే రోస్టర్ లెక్కలో ఒక్క పాయింటు తప్పితే ఒకరి ఉద్యోగం ఇంకొకరికి వెళ్తుంది, ఆ తర్వాత కేసు హైకోర్టుకు. ఈ లెక్క నోటిఫికేషన్‌కు ఒకసారో రెండుసార్లో నడుస్తుంది. పది నిమిషాలు పట్టినా, గంట పట్టినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ వేగం కోసం చదవడానికి వీల్లేని కోడ్ రాయడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం. నిబంధన జీవోలో ఎలా ఉందో కోడ్‌లోనూ అలాగే, ఒక్కచోటే, పేరుపెట్టి రాయాలి. జీవో చదివిన సెక్షన్ ఆఫీసర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వరస వరసా సరిచూసుకోగలగాలి.

తెలుగు వికీపీడియాలో జరిగింది

తెలుగువాళ్లందరూ వాడే ఒక పెద్ద వెబ్ అప్లికేషన్‌లో ఈ తూకం ఎలా మారుతూ వచ్చిందో బహిరంగంగానే చూడొచ్చు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా, మిగతా భాషల వికీపీడియాల్లాగే మీడియావికీ అనే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. అందులో వ్యాసం కుడివైపు కనిపించే సమాచారపెట్టె, అడుగున ఉండే మూలాల వరస లాంటివన్నీ 'మూసల'తో తయారవుతాయి. మూసలు రాయడానికి ప్రోగ్రామర్ కానక్కర్లేదు. మీసాల బ్రాకెట్ల మధ్య 'ఇది ఉంటే ఇలా చూపించు' అని రాసుకుంటూ బడిపంతుళ్లూ బ్యాంకు ఉద్యోగులూ కూడా నేర్చుకున్నారు. ఊళ్ల వ్యాసాలు వేలల్లో ఉన్న తెలుగు వికీలో జిల్లాలు మారినప్పుడు మండలాలు సరిదిద్దిన చేతులు ఇలాంటి స్వచ్ఛంద కార్యకర్తలవే.

మూసలు పెద్దవయ్యే కొద్దీ నెమ్మదించాయి. ఇంగ్లీషు వికీపీడియాలో వందల మూలాలున్న వ్యాసాన్ని భద్రపరచాలంటే పదుల సెకన్లు పట్టేది. 2013లో వికీమీడియా ఫౌండేషన్ అన్ని వికీపీడియాల్లోకీ లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషను తెచ్చింది. బరువైన మూసలను లువా మాడ్యూళ్లుగా మార్చారు. వేగం బాగా పెరిగింది. అయితే లువా అసలైన ప్రోగ్రామింగ్ భాష. మూస తెరిచి సరిచేయగలిగిన చాలామందికి మాడ్యూల్ తెరిస్తే అంతుపట్టదు. చిన్న భాషల వికీలు ఇంగ్లీషు వికీ నుంచి మాడ్యూళ్లు తెచ్చుకుంటాయి. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ఒకటి పాతదైతే వ్యాసంలో ఎర్రక్షరాల్లో దోష సందేశం ప్రత్యక్షమవుతుంది. సరిచేయగలిగిన చేతులు తక్కువ. వేగం అందరికీ అందింది, మరమ్మతు పని మాత్రం కొద్దిమంది భుజాల మీదికి చేరింది. వికీపీడియా అంతటి సైటుకు ఆ నిర్ణయం సరైనదే. కానీ దాని భారం ఇంగ్లీషు వికీ కన్నా తెలుగు వికీ మీద ఎక్కువ పడిందని ఒప్పుకోవాలి.

మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. ఫేస్‌బుక్ తన సొంత అవసరానికి తయారుచేసుకున్న హెచ్‌హెచ్‌వీఎం అనే ఇంజన్ పీహెచ్‌పీ కోడ్‌ను మామూలుకన్నా చాలా వేగంగా నడిపేది. 2014 చివరికి వికీపీడియా దాని మీదికి మారింది. వ్యాసం భద్రపరిచే సమయం సగటున ఆరు సెకన్ల నుంచి మూడుకు తగ్గింది. సర్వర్ల ప్రాసెసర్ల మీద భారం 50 శాతం నుంచి 10 శాతానికి పడిపోయింది. ఇంతకన్నా కళ్లకు కట్టే విజయం ఉండదు. మూడేళ్లు తిరక్కముందే, 2017 సెప్టెంబరులో, హెచ్‌హెచ్‌వీఎం తయారీదారులు ఇక మీదట పీహెచ్‌పీకి మద్దతు ఇవ్వబోమన్నారు. ఈలోగా మామూలు పీహెచ్‌పీనే ఏడో వెర్షన్‌తో ఎంతో వేగం పుంజుకుంది. వికీమీడియా ఇంజినీర్లు రెండో వలస మొదలుపెట్టి 2019 నాటికి పీహెచ్‌పీ 7 మీదికి చేరారు. హెచ్‌హెచ్‌వీఎంతో మిగిలిన ఆ కొన్నేళ్ల సమయం, సర్వర్లు నిజమైన లాభమే. రెండు వలసలకు పట్టిన శ్రమ కూడా అంతే నిజం. లెక్క వేసేటప్పుడు రెండో దాన్నీ పద్దులో రాయాలి.

పెద్ద కంపెనీల అనుభవాలు రెండు వైపులా ఉన్నాయి. ట్విట్టర్ రెయిల్స్‌తో మొదలై, తొలినాళ్లలో తరచూ చతికిలబడేది. చివరికి ప్రధాన భాగాలను జావా ఇంజన్ మీద నడిచే స్కాలాకు మార్చారు. 2013 ఆగస్టు 3న జపాన్‌లో ఒక యానిమేషన్ సినిమా టీవీలో వచ్చినప్పుడు సెకనుకు 1,43,199 ట్వీట్లు వచ్చినా సైటు నిలబడింది. ఆ స్థాయిలో ఫ్రేమ్‌వర్క్ వదలడం తప్పదు. ఆ స్థాయి ఎంతమందికి వస్తుందన్నదే ప్రశ్న.

గిట్‌హబ్ కథ ఇంకా దగ్గరిది. వాళ్లూ రెయిల్స్ మీదే కట్టారు. 2.3 వెర్షన్‌ను తమ అవసరాలకు తగ్గట్టు లోపల మార్పులు చేసుకుని సొంత ప్రతిగా ఏళ్ల తరబడి వాడారు. బయట రెయిల్స్ ముందుకు పోతోంది, వీళ్ల ప్రతి అక్కడే ఉంది. 2014లో మూడో వెర్షన్‌కు రావడానికే నెలలు పట్టింది. అక్కడి నుంచి 2018లో 5.2కు చేరడానికి మరో ఏడాదిన్నర. ఇప్పుడు వాళ్లు వారం వారం రెయిల్స్ తాజా ప్రతికి మారుతుంటారు. షాపిఫై అయితే ఫ్రేమ్‌వర్క్‌ను వదలకుండా దాని కింద ఉన్న రూబీ భాషనే వేగవంతం చేసే పనిలో దిగింది. వాళ్లు రాసిన వైజిట్ కంపైలర్ 2021లో రూబీలో భాగమై ఊరూవాడా అందరికీ అందుబాటులోకి వచ్చింది.

స్టాక్ ఓవర్‌ఫ్లో చేసిన పని అన్నిటికన్నా అనుసరించదగ్గది. ఏఎస్‌పీ డాట్ నెట్ మీద నడిచే ఆ సైటులో డేటాబేస్ వరసలను ప్రోగ్రాము రూపంలోకి మార్చే అంచె దగ్గర సమయం పోతోందని కొలిచి పట్టుకున్నారు. ఆ ఒక్క అంచెకు బదులుగా డాపర్ అనే చిన్న లైబ్రరీ రాసుకుని 2011లో అందరికీ ఇచ్చారు. మిగతా ఫ్రేమ్‌వర్క్ ఉన్నదున్నట్టే ఉంది. హైదరాబాద్ డాట్ నెట్ ఆఫీసుల్లో డాపర్ పేరు తెలియనివాళ్లు అరుదు.

హాల్ టికెట్ల రోజు సంగతి

సెకనుకు నాలుగైదు వందల రిక్వెస్టులు వచ్చే ఆ రోజుకు ఏం చేయాలి? హాల్ టికెట్ల వివరాలైనా, ఫలితాలైనా విడుదలకు ముందే సిద్ధమై ఉంటాయి. అభ్యర్థి అడిగినప్పుడల్లా డేటాబేస్‌ను తట్టి లేపక్కర్లేదు. ఒక్కొక్కరి పేజీని ముందు రాత్రే తయారుచేసి పెట్టొచ్చు. ఒక్కోటి నాలుగు కిలోబైట్లనుకుంటే తొమ్మిదిన్నర లక్షల పేజీలకు 3.8 గిగాబైట్లు. మామూలు సర్వర్ మెమరీలో ఇమిడిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ నెమ్మదిదా చురుకైనదా అన్న ప్రశ్నే ఆ రోజు రాదు, ఎందుకంటే ఆ పేజీలు దాని గుండా వెళ్లవు. ఎంపికైనవారి నంబర్లను పీడీఎఫ్‌గా సైటులో పెట్టే పాత అలవాటు వెనకాల ఉన్నదీ ఈ సూత్రమే.

ఇక్కడా జాగ్రత్త పడాల్సింది ఉంది. ముందే చేసి దాచుకున్న ప్రతి, అసలు డేటా మారినప్పుడు తనంతట తాను మారదు. ఒక కేంద్రంలో సౌకర్యాలు సరిపోక అభ్యర్థులను ఇంకో కేంద్రానికి మార్చారనుకుందాం. డేటాబేస్‌లో కొత్త చిరునామా పడింది, దాచిన హాల్ టికెట్‌లో పాతదే ఉంది. ఉదయాన్నే అంబర్‌పేట్ నుంచి బస్సెక్కి పాత కేంద్రానికి వెళ్లిన అమ్మాయికి, గేటు మూసే సమయంలో ఆ తేడా తెలిస్తే జరిగే నష్టాన్ని ఏ వేగమూ పూడ్చలేదు. డేటా మారిన మరుక్షణం ఆ అభ్యర్థి ప్రతిని మళ్లీ తయారుచేసే కోడ్ ఒక్కచోటే, అందరికీ తెలిసేలా ఉండాలి. వేగం కోసం చేసే ఏర్పాట్లలో శ్రద్ధగా, టెస్టులతో సహా రాయాల్సిన భాగం ఇదే.

దరఖాస్తుల చివరి రోజు ఇంతకన్నా కష్టం. అక్కడ చూడటం కాదు, రాయడం. ఫీజు కట్టాలి, ఫొటో ఎక్కించాలి. ముందే తయారుచేసి పెట్టుకోవడం కుదరదు. వెంటనే చేయాల్సినవీ, కాసేపాగి చేసినా ఫర్వాలేనివీ విడదీయడమే దారి. దరఖాస్తు అందిందన్న రసీదు వెంటనే ఇవ్వాలి. ఎస్‌ఎంఎస్, ఫొటో సైజు తగ్గించడం, పీడీఎఫ్ తయారీ క్యూలో పడి ఒక్కొక్కటిగా జరిగినా అభ్యర్థికి నష్టం లేదు. ఫ్రేమ్‌వర్క్‌లు ఈ ఏర్పాటును సిద్ధంగా ఇస్తున్నాయి.

ఇక ఎక్కువమంది మరిచిపోయే ఖర్చు ఒకటుంది. ఫ్రేమ్‌వర్క్‌లకు కాలపరిమితి ఉంటుంది. లారావెల్ ఒక వెర్షన్‌కు రెండేళ్లే భద్రతా సవరణలు ఇస్తుంది. జాంగోలో దీర్ఘకాలిక మద్దతు ఉన్న వెర్షన్లకు మూడేళ్లు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది, తుది ఎంపికలు 2025 సెప్టెంబరులో వెలువడ్డాయి. నోటిఫికేషన్ నాటికి తాజాగా ఉన్న లారావెల్ 9తో ఎవరైనా ఒక సైటు కట్టి ఉంటే, దాని భద్రతా మద్దతు 2024 ఫిబ్రవరిలోనే, పరీక్షకు పది నెలల ముందే ముగిసిపోయేది. ఫ్రేమ్‌వర్క్ చెప్పిన పద్ధతిలో రాసిన కోడ్ కొత్త వెర్షన్‌కు కొద్ది వారాల పనితో మారుతుంది. వేగం కోసం లోపలి భాగాలను కెలికి రాసిన కోడ్‌కు గిట్‌హబ్ లాంటి అనుభవమే ఎదురవుతుంది, అదీ గిట్‌హబ్‌కు ఉన్నంతమంది ఇంజినీర్లు లేకుండా.

కాబట్టి ప్రభుత్వ కార్యాలయాలు సైటు కట్టించుకునే టెండర్‌లో ఎన్ని పేజీలు, ఎన్ని నెలలు అన్నదానితో పాటు ఇంకొన్ని అంశాలు ఉండి తీరాలి. సెకనుకు ఎన్ని రిక్వెస్టులు తట్టుకోవాలో అంకెతో రాయాలి, నోటిఫికేషన్‌కు నెల ముందే అంత రద్దీని కృత్రిమంగా సృష్టించి పరీక్షించాలి. వెర్షన్ మార్పులకు ఏటా డబ్బు కేటాయించాలి. రిజర్వేషన్, స్థానికత నిబంధనల కోడ్‌కు పాత నోటిఫికేషన్ల అసలు ఉదాహరణలతో టెస్టులు జతచేయాలి. కాంట్రాక్టు ముగిసి కొత్త సంస్థ వచ్చినప్పుడు, పాతవాళ్ల సాయం లేకుండా ఒక చిన్న నిబంధన మార్చి చూపించిన తర్వాతే చివరి బిల్లు చెల్లించాలి.